చెడిపోయిన లాప్‌టాపు – మా యత్తగారి పాటలు



మన పెద్దలు పండిన ధాన్యమంతయు గాదెలో పోసినను, విత్తనములను మాత్రము వేఱుగా తీసి, బూడిద కలిపి, కుండలో పోసి మూతి కట్టి దాచెడివారు. గాదెకు ఎలుకలు పట్టినను, ఇంటికి నిప్పంటినను, మఱుసటి యేటికి విత్తనము నిలువవలెనని వారి యభిప్రాయము. ఈ సంగతి నాకు చిన్ననాటినుండి తెలిసినదే. అయినను ధాన్యముకన్న విలువగల విత్తనము నొకదానిని నేను ఏండ్ల తరబడి ఒకే కుండలో నుంచి, ఆ కుండ పగులువఱకు దానిని గూర్చి తలపోయకుంటిని. ఆ కుండ మా యింటి లాప్‌టాపు. ఆ విత్తనము మా యత్తగారి గొంతు.

మేము దేవరకొండలో కాపురముందుము. మావారు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పుదురు. మా యత్తగారి పుట్టినిల్లు పాలమూరు సీమలో, అలంపురమునకు చేరువగా, కృష్ణయొడ్డున నుండిన యొక పల్లె. ‘ఉండిన’ యనుటకు కారణము కలదు. శ్రీశైలము జలాశయము నింపుటకై 1981వ సంవత్సరమున కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో వందకు పైగా గ్రామములను ఖాళీ చేయించిరి. ఆమె పుట్టిన పల్లె వానిలో నొకటి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము నీరు కమ్మకముందే విప్పి, ఱాళ్ళను అలంపురమునకు తరలించి మరల నిలిపిరి. కనుకనే నేడు మనము దానిని చూడగలుగుచున్నాము. గుడికి పట్టిన యదృష్టము పల్లెలకు పట్టలేదు. అక్కడి వీథులు, బావులు, అరుగులు అక్కడ పుట్టినవారి జ్ఞాపకములలోనే మిగిలినవి.

మా యత్తగారికి చదువు రాదు. కాని పాట వచ్చును. బతుకమ్మ పాటలు, తిరుగలి పాటలు, నలుగు పాటలు, నాట్లు వేయునపుడు పాడునవి, బిడ్డను నిద్రపుచ్చునవి ఆమె నోట ఎన్ని యుండెనో లెక్క తెలియదు. 2019వ సంవత్సరపు దసరా మొదలుకొని 2021 చివరివఱకు వీలు చిక్కినప్పుడెల్ల నేను వానిని నా ఫోనులో పట్టితిని. అన్నియు కలిసి 43 తునుకలు. వానిలో నొకటి పాట కాదు. ఒకనాటి మధ్యాహ్నము చిక్కుడుకాయలు వలచుచు ఆమె తన పల్లెను ఈ కొసనుండి ఆ కొసవఱకు నడిచినట్లుగా వర్ణించి చెప్పెను: ఎవరి యిల్లు తరువాత ఎవరి యిల్లు, పోచమ్మగుడి యెక్కడ, వేపచెట్టు యెక్కడ, ఏ బావి నీరు ఉప్పన, ఏ బావి నీరు తియ్యన. అది 19 నిమిషముల తునుక. 2022లో ఆమె మమ్ము విడిచి వెళ్ళిరి.

అటుపిమ్మట నా ఫోను నిండిపోయినదని అన్నింటిని లాప్‌టాపులోనికి ఎక్కించి, ఫోనులోనివానిని తుడిచివేసితిని. ‘పెద్ద పెట్టెలో భద్రముగా నున్నవి’ యని తృప్తి చెందితిని కూడ. నా తప్పంతయు ఆ నాడే జరిగినది. లాప్‌టాపు చెడిపోవుట దాని ఫలము మాత్రమే.

గడచిన శ్రావణమాసములో ఆ యంత్రమునుండి టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు రాసాగెను. గాలి విసరు పంకాలో దుమ్ము చేరినదనుకొంటిమి. వారము దినములైన తరువాత నొక యుదయమున తెర నల్లబడి, నాలుగు తెల్లని యింగ్లీషు మాటలు వ్రాసి ఊరకుండెను. మావారు పదిసార్లు ఆర్పి వెలిగించిరి. మా పెద్దమ్మాయి వెనుకనుండి రెండు తట్టులు తట్టెను. మన యిండ్లలో టీవీకి చేయు వైద్యమే గదా! ఆ పదిసార్లలో ఒక్కొక్కసారియు మా సొత్తును మేమే యెట్లు గీకివేయుచుంటిమో అప్పుడు మాకు తెలియదు.

బజారులో నొక బాగుచేయు దుకాణమునకు పట్టుకొని పోయితిమి. ఆ యబ్బాయి చూచి, ‘‘ఫార్మాటు కొట్టి కొత్త విండోసు ఏస్త, రేపు రాండ్రి’’ అనెను. ‘‘లోపలున్న పాటలేమగును?’’ అని నే నడిగితిని. ‘‘అవి పోతయి’’ అని, పోయినవి పాతచెప్పులైనట్లు, పలికెను. అతనిది దుర్బుద్ధి కాదు. యంత్రము నడచిన చాలునను వారే అతనియొద్దకు ఎక్కువగా వత్తురు. కాని తలుపు బిగిసినదని యిల్లు కూల్చి క్రొత్తయిల్లు కట్టెదననుట వంటిదది. యంత్రము చెడిన నాడు మొట్టమొదట మనము దుకాణమువానితో చెప్పవలసిన మాట, ‘లోపలి సొత్తు కావలెను, యంత్రము పోయినను చింత లేదు’ అని. ఈ మాట చెప్పక వదలివచ్చిన వారెందఱో కన్నీరు పెట్టుకొన్నారు. నేను పెట్టెను చంకనిడుకొని తిరిగి యింటికి వచ్చితిని.

మహబూబునగరములో నున్న మా తమ్మునికి ఈ విద్యలో కొంత ప్రవేశము కలదు. ఫోనులో వాడు మొదట చెప్పినది, ‘‘అక్కా, మళ్ళ మళ్ళ ఆన్ చెయ్యకుండ్రి. ఎంత తిప్పితే అంత ఖరాబైతది’’ అని. ఆ మాట యందలి కారణమును వాడు తరువాత తీరుబడిగా బోధించెను. అది వినదగినది కనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

లాప్‌టాపు వేఱు, అందులో మన వ్రాతలు, పాటలు, బొమ్మలు దాచుకొన్న డిస్కు వేఱు. తెర పగిలినను, బ్యాటరీ చచ్చినను, లోపలి పెద్దపలక కాలినను, డిస్కు సాధారణముగా నిక్షేపముగా నుండును. అప్పుడు దానిని మరలు విప్పి బయటికి తీసి, కొద్దిపాటి వెలకే దొరకు నొక తొడుగులో నమర్చి, మఱియొక కంప్యూటరునకు తీగతో తగిలించినచో, పెన్ డ్రైవు వలెనే తెఱచుకొనును. విండోసు మాత్రము చెడినచో డిస్కును తీయనక్కఱయే లేదు. లినక్సు నింపిన పెన్ డ్రైవుతో యంత్రమును మేల్కొలిపి, సొత్తును బయటి డిస్కులోనికి తోడుకొనవచ్చును. కొన్ని క్రొత్త పలుచని యంత్రములలో మాత్రము డిస్కును పలకకే అతికివేయుచున్నారు. అట్టివాని విషయమున పలకను బాగుచేయు నేర్పరియే దిక్కు.

ఇక డిస్కే చెడుట వేఱొక కథ. పాత యంత్రములలోని హార్డు డిస్కులో అద్దమువంటి పళ్ళెములు నిమిషమునకు 5400 సారులు తిరుగుచుండును. వానిపై నొక చిన్న సూది వంటి చదువరి తేలియాడుచు అక్షరములను చదువును. పళ్ళెమునకును ఆ చదువరికిని నడుమ నుండు సందు మన తలవెంట్రుక మందములో వేయవ వంతుకన్నను తక్కువ! దుమ్మురేణువు దూరినను, దెబ్బ తగిలినను, చదువరి పళ్ళెమును గీకును. మేము విన్న టిక్కు టిక్కు ఆ చదువరి తన చోటు దొరకక, వెనుకకు పోయి మరల వెదకుకొను చప్పుడట. ఆ చప్పుడు విన్నంతనే యంత్రము నార్పివేయవలెను. ఫ్రిజ్జులో పెట్టుము, ఎండబెట్టుము, తట్టుము అను వైద్యములు జరుగరాదు. నీరు పడినచో బియ్యములో కప్పిపెట్టుట కూడ పనికిరాదు. ఆర్పి, చార్జరు తీసి, వెలిగింపకయే నేర్పరికి చూపుట మేలు.

మొట్టమొదటి డిస్కును 1956లో ఐ.బి.ఎం. వారు అమెరికాలో వెలువరించిరి. 24 అంగుళముల వెడల్పుగల పళ్ళెములు 50 పేర్చినను, అందు పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. మా యత్తగారి ఒక్క నలుగుపాట కూడ అందులో సరిగా పట్టియుండదు. నేడు అరచేతిలో నిమిడెడి డిస్కులో ఊరి పాటలన్నియు పట్టును. పట్టుట పెరిగినకొలది, పోవునపుడు ఒక్కసారిగా పోవుటయు పెరిగినది.

తుడిచివేసిన దానిని గూర్చియు ఒక మాట. హార్డు డిస్కులో మనమొక దానిని తుడిచివేసినపుడు నిజముగా చెఱగునది విషయసూచికలోని పేరే. గ్రంథములోని పుట అట్లే యుండును. ఆ పుటపై క్రొత్త వ్రాత పడువఱకు దానిని చదువవచ్చును. కనుక పొరపాటున తుడిచినవారు ఆ యంత్రమును వాడుట వెంటనే మానవలెను. వెదకు సాఫ్టువేరును సైతము ఆ డిస్కులోనే దింపుకొనరాదు, అదియే పోయిన పుటపై కూర్చుండవచ్చును. అయితే నేటి క్రొత్త యంత్రములలోని ఎస్.ఎస్.డి. అను జాతికి ఈ దయ లేదు. తుడిచిన పుటను అది తానే ఖాళీ చేసికొనును. తిరుగు పళ్ళెములు లేవు గనుక, చెడునపుడు టిక్కుమని హెచ్చరికయు చేయదు. వేగమునకు అది మేటియే. కాని నిన్న నుండి నేడు మూగవోవును.

మా తమ్ముని మాట ప్రకారము దేవరకొండనుండి బస్సెక్కి హైదరాబాదు, అక్కడినుండి సికిందరాబాదు చేరితిమి. కంప్యూటరు సామానుకు పేరుపడిన చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కి దిగి, చివరకు పోయిన సొత్తును తీయుటయే వృత్తిగా గల యొక చిన్న గదిని కనుగొంటిమి. అక్కడి యువకుడు డిస్కును చెవియొద్ద పెట్టుకొని, వైద్యుడు నాడి చూచినట్లు, కొంతసేపు వినెను. చదువరి పూర్తిగా పడిపోలేదనియు, పళ్ళెముపై కొన్ని చోటులు చెడినవనియు చెప్పెను. చదువరి విఱిగియుండినచో ధూళి లేని ప్రత్యేకపు గదిలో విప్పి వేఱొకదానిని బిగింపవలసియుండెడిదట. ఆ ఖర్చు మేము మోయగలది కాదు.

అతడు చేసిన పని నాకు నచ్చినది. చెడిన డిస్కులో నేరుగా వెదకలేదు. మొదట దానినంతటిని ఉన్నదున్నట్లుగా వేఱొక డిస్కులోనికి ప్రతి తీసెను. డి.డి.రెస్క్యూ యను ఉచిత సాఫ్టువేరు తొలుత ఆరోగ్యముగా నున్న చోటులను త్వరగా చదివి, చెడినవానిని దాటిపోయి, పిదప వానియొద్దకు మెల్లగా తిరిగివచ్చునట. మొండి విద్యార్థితో మావారు పడు పాటు ఇట్టిదే. అది మూడు దినములు నడచెను. ఆ మూడు దినములు నాకు అన్నము సయించలేదు. ఆ పిమ్మట ఆ ప్రతిలో నుండి ఫోటోరెక్ అను మఱియొక ఉచిత సాధనముతో పాటలను ఏరెను. శకుంతల యుంగరము చేప కడుపున దొరికినట్లు, నాలవనాడు ఫోనులో మా యత్తగారి గొంతు వినబడెను. నేను వంటయింటిలో నిలుచుండి వింటిని. పొయ్యి మీద పప్పు మాడినది.

43 తునుకలలో 37 చెక్కుచెదరక వచ్చినవి. మూడు నడుమనే తెగినవి. మూడు బొత్తిగా లేవు. వచ్చినవానికి పేర్లు లేవు. పేర్ల పట్టీ యుండు చోటే చెడినదట. నేను శ్రద్ధగా ‘ఉయ్యాల – ఒకటి’, ‘తిరుగలి – రెండు’ అని పెట్టిన పేర్లన్నియు పోయి వట్టి అంకెలు మిగిలినవి. కనుక ప్రతి రాత్రి పిల్లలు పడుకొన్న పిదప ఒక్కొక్కదానిని ఆమూలాగ్రము విని మరల నామకరణము చేసితిని. అది శిక్ష యని మొదట అనుకొంటిని. కాని పట్టిననాడు వినని సంగతులు ఈ మాఱు వింటిని: పాట నడుమ ఆమె దగ్గు, ‘‘సాలు తియ్యి బిడ్డా’’ యనుట, వెనుక మా చిన్నవాని యేడుపు.

తెగిన మూడింటిలో నొకటి ఆ పల్లె తునుక. 19 నిమిషములలో 11 నిమిషములు నిలిచినవి. ఉప్పునీటి బావి దాటి ఎడమకు తిరుగుచుండగా గొంతు ఆగిపోయినది.

ఇక జాగ్రత్తను గూర్చి. అమెరికాలో పిక్సారు అను బొమ్మల చలనచిత్ర సంస్థలో 1998లో నిట్లే జరిగినది. ‘టాయ్ స్టోరీ 2’ అను చిత్రమును వందలమంది కూర్చుండి చిత్రించుచుండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన యొక యాజ్ఞచేత అందు చాల భాగము చెఱగిపోయెను. ప్రతులున్నవి గదా యని తెఱచిచూడగా, ఆ ప్రతులు కొంతకాలముగా సరిగా పడుటయే లేదని తేలెను! అప్పుడు ఆ పనిలో నుండిన గేలిన్ సుస్మన్ అను నామె, ప్రసవించిన కారణమున ఇంటినుండి పనిచేయుచు, తన యింటి కంప్యూటరులో నొక ప్రతి నుంచుకొన్నట్లు గుర్తు చేసికొనెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్లు కారులో తెచ్చిరి. చిత్రము 1999లో వెలువడినది. బాలింత యింటనున్న ప్రతి అంత పెద్ద సంస్థను కాచినది. ఈ కథ మావారికి చెప్పగా నవ్విరి గాని, మా యింటి డిస్కుల బాధ్యత నాటినుండి నా కప్పగించిరి.

పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు వ్యాప్తికి తెచ్చిన లెక్క 3–2–1. ప్రతులు మూడు, వస్తుజాతులు రెండు, వానిలో నొకటి ఇల్లు విడిచి దూరముగా నుండవలెను. మన తాళపత్రముల వారికిది క్రొత్త కాదు. ఆకు పురుగు తినకముందే మఱియొక ఆకుపై ఎక్కించి, శిష్యుని యింట నొకటి, మఠమున నొకటి యుంచెడివారు. మా పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’యందు 354 మంది కవులను ఒక్కచోట చేర్చి అచ్చొత్తించినారు. అచ్చుపడిన పద్యమునకు వందలకొలది యిండ్లు కాపు. ఎవరి పెట్టెలో వారు దాచుకొన్న పద్యమునకు చెదపురుగే కాపు.

నేనిప్పుడు చేయుచున్నది యిది. బయటి హార్డు డిస్కులు రెండు కొంటిమి. ప్రతి నెల మొదటి ఆదివారము స్నానము చేసి, కాఫీ త్రాగి, లాప్‌టాపులోని క్రొత్తవానిని మొదటి డిస్కులోనికి ఎక్కింతును. పిదప తీగ తీసివేసి బీరువాలో నుంతును. ఎల్లప్పుడు తగిలించియుంచినచో పిడుగు పడినను, వైరస్సు వచ్చినను రెండును కలిసి పోవును. రెండవ డిస్కు మహబూబునగరములో మా తమ్ముని యింట నుండును. పండుగకు పోయినప్పుడెల్ల మార్చుకొందుము. పాటలు, ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకము నకలు, పిల్లల ధ్రువపత్రములు గూగులు ఖాతాలో మూడవ ప్రతి. అందు ఉచితముగా నిచ్చునది 15 జి.బి.; మెయిలు, ఫోటోలు, తక్కినవి అన్నియు అందులోనే సర్దుకొనవలెను. రెండేండ్లు ఆ ఖాతాను ముట్టకున్నచో తీసివేయవచ్చునని వారి నియమము. కనుక పెద్దలు గతించిన యిండ్లలో వారి ఖాతాలను అట్లే వదలివేయరాదు. మఱియు ఫోనును క్లౌడును జతపఱచుట ప్రతి యనుకొని మోసపోవలదు. జతపఱచిన చోట ఫోనులో తుడిచినది అక్కడను తుడిచిపోవును. బుట్టలో కొన్నాళ్ళుండి పిదప మాయమగును.

ఎక్కించినంత మాత్రమున చాలదు. వేదము నేర్చువారు ఒక్క వాక్యమునే పదముగా, క్రమముగా, జటగా, ఘనగా ముందు వెనుకలుగా త్రిప్పి వల్లించెదరు గదా; ఎక్కడ స్వరము తప్పినను మఱియొకచోట పట్టుబడుటకే ఆ పాటు. నేనును నెలకొకసారి డిస్కులోని రెండు మూడు తునుకలను తెఱచి విందును. తెఱవబడని ప్రతి, పిక్సారు వారి ప్రతియే.

తాళపుచెవి మాట మఱచితిని. మా యెఱుకలో నొక యుపాధ్యాయిని లాప్‌టాపు పలక కాలినది. డిస్కు బాగుగనే యున్నది. కాని క్రొత్త విండోసు యంత్రములు డిస్కుకు తమంత తామే బిట్‌లాకరు అను తాళము వేసికొనుచున్నవి. దానిని తెఱచుటకు 48 అంకెల తాళపుచెవి కావలెను. ఆమెకు అట్టిదొకటి కలదనియే తెలియదు; ఆ ఖాతా తెఱచిన బంధువు అప్పుడే మాటామంతి లేక దూరమైపోయెను. ఆమె బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటోలు ఇప్పటికిని ఆ తాళము వెనుకనే యున్నవి. యంత్రము బాగున్న నాడే మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ అంకెలను చూచి, కాగితముపై వ్రాసి, నగల రశీదులతో పాటు దాచుకొనుడు. ఇంటిలో కంప్యూటరు పురుషుల సొత్తనియు, రహస్యపదము వారి తలలో నుండిన చాలుననియు మనము అనుకొనుట వదలవలెను.

మా పోయిన మూడు తునుకల సంగతి చెప్పి ముగింతును. అచ్చంపేటలో నున్న మా చిన్నాడుబిడ్డకు ఈ గోడు వెళ్ళబోసికొనగా, ‘‘వదినె, నువ్వే గదా అప్పట్ల నాకు రెండు పంపిస్తివి, నా ఫోన్లనే ఉన్నయి’’ అనెను. వాట్సాపులో నే నెన్నడో పంపి మఱచినవి! అందు రెండు దొరికినవి. మూడవది ఆమె తానే పాడి పంపినది; రెండు చరణములు తక్కువ.

పల్లె తునుకను తీసికొని మొన్న గద్వాలకు పోయితిమి. మా యత్తగారి చెల్లెలు, మావారి చిన్నమ్మ, అక్కడ నున్నది. అరుగుమీద కూర్చుండి, కన్నులు మూసికొని, అక్క గొంతు 11 నిమిషములు వినెను. గొంతు ఆగినచోట ఆమె తడుముకొనలేదు. ‘‘అక్క తప్పు జెప్పింది. ఉప్పుబాయి దాటినంక ఎడమదిక్కు గాదు, కుడిదిక్కు. ఎడమదిక్కు కుమ్మరోళ్ళ ఆవము’’ అని మొదలుపెట్టి తమ యింటి వాకిటివఱకు నడిపించుకొని పోయినది. ఎవరిది సరియో చెప్పువారు లేరు. ఆ మలుపు నీటి క్రింద నున్నది. రెండు తునుకలను పక్కపక్కన నుంచి, అక్క పేర నొకటి, చెల్లెలి పేర నొకటి వ్రాసి, ఆ సాయంకాలమే మూడు చోటుల ఎక్కించితిని.